పిట్టకు చట్టముంది... చెరువుకేదీ?

ఏ పిట్టను కొట్టొచ్చు, ఏ పిట్టను కొట్టకూడదు? చెరువు కింద మడి ఉన్న రైతు, చెరువులో చేపలు పాడుకున్న కాంట్రాక్టరు, చీకటి పడ్డాక వల పన్నే కుర్రాడు... ముగ్గురూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. 'చెరువు నిండా బాతులే ఉన్నాయి కదా, నాలుగు పట్టుకుంటే తప్పేంటి?' అంటాడు ఒకడు. 'నీటికాకులు నా చేపపిల్లలన్నీ మింగేస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?' అంటాడు ఇంకొకడు. 'వరి పాలు పోసుకునే వేళకు నీటికోళ్లు దిగి తొక్కేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?' అంటాడు మూడోవాడు.

చట్టం జవాబు ఒక్క ముక్కలో ఉంది. ఏ అడవి పిట్టనూ కొట్టకూడదు. పట్టకూడదు. గూడు పీకకూడదు. గుడ్డు పగలగొట్టినా అది వేట కిందికే వస్తుంది. మామూలు నేరానికే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్కువ రక్షణ ఉన్న జాతైతే శిక్ష ఇంకా పెద్దది.

జవాబు ఇంత తేటగా ఉన్నప్పుడు ఇక చర్చ ఎందుకు అనిపించవచ్చు. ఎందుకంటే బెంగళూరు చుట్టుపక్కల, కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో ఎండిపోయిన చెరువుల్లోకి కొన్నేళ్లుగా మళ్లీ నీళ్లొస్తున్నాయి. నీళ్ల వెంట పిట్టలూ వస్తున్నాయి. పిట్టల వెంట వలలూ వస్తాయి, పంట గొడవలూ వస్తాయి. అప్పుడు ఈ ఒక్క ముక్క జవాబు సరిపోదు. ఆ మాట చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

దొరల వేట నుంచి నిషేధం దాకా

వేటకు జాబితా రాయడం మనకు కొత్తేమీ కాదు. బ్రిటిషువాళ్ల కాలంలో 1887లో ఒకటి, 1912లో ఒకటి పక్షుల చట్టాలు వచ్చాయి. ఫలానా నెలల్లో ఫలానా పిట్టలను కొట్టొద్దు అన్నంత వరకే వాటి పని. గుడ్లు పెట్టే కాలం దాటితే తుపాకీకి అడ్డు లేదు. బెంగళూరు కంటోన్మెంటు దొరలకు చెరువుల కింది వరిమళ్లలో స్నైపు అనే పొడుగుముక్కు పిట్టను కాల్చడం సరదాల్లో సరదా. రాజులకైతే బాతుల వేట అంటే దర్బారు జరిపినట్టే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజులో 4,273 పక్షులు నేల రాలాయి. ఆ లెక్క అక్కడే రాతిఫలకం మీద చెక్కి పెట్టుకున్నారు. ఇప్పుడు అదే చోటు కేవలాదేవ్ జాతీయ పార్కు. తుపాకులు పేలిన గట్టు మీదే జనం దుర్భిణులు పట్టుకుని నిలబడుతున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం చేశారు. ఆ చట్టం కూడా మొదట వేటను పూర్తిగా మూసేయలేదు. జంతువులను, పక్షులను షెడ్యూళ్ల కింద విడగొట్టింది. పులి లాంటివాటిని అసలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత ప్రత్యేక వేట, పెద్ద వేట, చిన్న వేట అని లైసెన్సులు పెట్టింది. బాతులు, నీటికోళ్లు, కౌజులు, పూరేళ్ల వంటి పిట్టలన్నీ దాదాపుగా చిన్న వేట జాబితాలోకి చేరాయి. లైసెన్సు తీసుకుని, ఋతువు చూసుకుని, లెక్క చెప్పి కొట్టుకోవచ్చు. కాకిని, ఎలుకను, గబ్బిలాన్ని ఐదో షెడ్యూలులో పడేసి చీడ అన్నారు. వాటికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఆచరణలో జరిగింది వేరు. పది బాతులకు లైసెన్సు ఉన్నవాడు యాభై కొడితే లెక్కపెట్టేదెవరు? తెల్లవారుజామున మంచులో ఎగిరే గుంపులో ఏది జాబితాలో ఉందో, ఏది లేదో చూసి కాల్చే ఓపిక ఎవరికుంది? చివరకు 1991లో చట్టాన్ని సవరించి వేట లైసెన్సులన్నీ రద్దు చేశారు. అప్పటినుంచి చిన్న వేట లేదు, పెద్ద వేట లేదు. 2022లో మరో సవరణ చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. షెడ్యూళ్లు కుదించారు. చీడ అనే షెడ్యూలే ఎత్తేశారు. అంటే కాకి నెత్తిన పడ్డ ఆ ముద్ర కూడా చెరిగిపోయింది. పంటకు, ప్రాణానికి మరీ ముప్పు అనుకుంటే రెండో షెడ్యూలులోని జీవి విషయంలో రాష్ట్ర వన్యప్రాణి ప్రధాన సంరక్షకుడో, ఆయన అధికారం ఇచ్చిన అధికారో కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. ఒకానొక జీవిని కొంతకాలం, కొంత ప్రాంతంలో చీడగా ప్రకటించే అధికారం కేంద్రానికీ ఉంది. ఆ సందు తప్ప తలుపులన్నీ మూసే ఉన్నాయి.

జాబితా తిరిగి రాస్తే?

అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లే చెబుతారు... 'అక్కడ బాతుల వేట మామూలే, అయినా బాతులు తగ్గలేదు' అని. మాటలో నిజం లేకపోలేదు. అక్కడ 1918 నుంచి వలస పక్షుల చట్టం ఉంది. ప్రతి ఏడాదీ విమానాల మీద తిరిగి బాతులను లెక్కపెడతారు. ఆ లెక్కను బట్టి ఆ ఏడు ఏ జాతిని ఎన్ని కొట్టొచ్చో, ఎన్ని రోజులు కొట్టొచ్చో నిర్ణయిస్తారు. 1934 నుంచి వేటగాడు బాతు స్టాంపు కొనాల్సిందే. ఆ డబ్బులో డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికి, కాపాడడానికి పోతాయి. తుపాకీ గుళ్లలోని సీసం నీళ్లలో చేరి పక్షులు చస్తున్నాయని 1991 నుంచి బాతుల వేటలో సీసం గుళ్లను నిషేధించారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అయితే బాతును చూసి పేరు చెప్పే పరీక్ష పాసైతేనే వేట లైసెన్సు. అంత చేసినా గొడవ ఆగలేదు. 2023లో అక్కడి చట్టసభ కమిటీ బాతుల వేటను ఆపేయమంది. ప్రభుత్వం 2024లో ఆ మాట కాదని, మరికొన్ని నిబంధనలు పెట్టి వేటను కొనసాగించింది. అదే దేశంలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, పశ్చిమ ఆస్ట్రేలియా ఎప్పుడో మానేశాయి.

మనమూ అలా చేయొచ్చు కదా అని అడిగేవాళ్లకు మా సమాధానం ఒకటే. జాబితా రాయాలంటే ముందు లెక్క కావాలి. లెక్క ప్రకారం నడిపించే మనుషులు కావాలి. వసూలైన డబ్బు చెరువుకే తిరిగి చేరుతుందన్న నమ్మకం కావాలి. ఈ మూడింటిలో మన దగ్గర ఏది గట్టిగా ఉంది? ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. అది ఎక్కువగా ఉత్సాహవంతులు సొంత ఖర్చులతో చేస్తున్న పని. భారత పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగింది 338 జాతులకే. వాటిలో 60 శాతం తగ్గుముఖం పట్టాయని తేలింది. అంటే తెలిసిన మేరకు తగ్గుతున్నాయి, తెలియనివి ఇంకెన్నో. ఇలాంటి పరిస్థితిలో కొట్టొచ్చు అని జాబితా రాయడమంటే ఖాతాలో ఎంతుందో చూడకుండా చెక్కు రాసినట్టే.

ఇంకో మాట. ఈ పిట్టలు మన ఒక్కరివే కావు. గదగ్ జిల్లా మాగడి చెరువుకు చలికాలంలో తల మీద రెండు నల్లచారలుండే పెద్ద బాతులు సుమారు 8 వేల దాకా వస్తాయని అధికారిక వివరాలు చెబుతున్నాయి. మంగోలియాలో మెడకు పట్టీ వేసి వదిలిన ఈ జాతి బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. హిమాలయాలు దాటి ఇంత దూరం వచ్చిన జీవిని 'మా ఊరి చెరువులో ఉంది, కాబట్టి మాదే' అనడం న్యాయమేనా? అక్కడ గుడ్డు పెడితేనే ఇక్కడ పిట్ట. ఇక్కడ బతికితేనే అక్కడ గుడ్డు.

కాబట్టి వేటకు మళ్లీ జాబితా తెరవడం మాకు సమ్మతం కాదు. కొట్టదగిన పిట్ట ఏదీ లేదన్న మాట మీదే నిలబడాలి. ఇంతవరకు చట్టం సరైనదే. చిక్కంతా ఆ తర్వాతే ఉంది.

తుపాకీ ఆగింది, మురుగు ఆగలేదు

వేట ఆపితే పిట్ట బతుకుతుందనుకున్నాం. బెంగళూరు చెరువులను చూస్తే ఆ నమ్మకం ఎంత అమాయకమైనదో తెలుస్తుంది. బెళ్లందూరు చెరువులో 1991 తర్వాత ఎవరూ లైసెన్సు తుపాకీ పేల్చలేదు. కానీ 2015లో నురగ గాలికి లేచి రోడ్డు మీద వాహనాలను కప్పేసింది. 2017 ఫిబ్రవరిలో చెరువులో మంటలు లేచాయి. 2018 జనవరిలో మళ్లీ అంటుకుంటే ఆర్పడానికి సైనికులు కూడా దిగాల్సి వచ్చింది. నీళ్లు కాలుతున్న చెరువులో బాతుకు చట్టం ఏం చేస్తుంది? వేటగాడు పది బాతులను చంపితే మిగిలినవి ఎగిరిపోయి మరుసటేడు తిరిగి వస్తాయి. చెరువును చంపితే తిరిగి రావడానికి చోటే ఉండదు.

కొల్లేరు కథ మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. పిట్ట మీద చెయ్యేస్తే నేరం. కానీ సరస్సు మీద గట్లు వేసుకుంటూ పోతే అడ్డుకున్నవాళ్లు లేరు. చివరకు 2006లో చేపల చెరువుల గట్లను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చాల్సి వచ్చింది. కాంటూరు తగ్గించాలా వద్దా అన్న పోరు అంతటితో తీరలేదు. పక్షికి హక్కు రాసిచ్చి, పక్షి ఇల్లు మాత్రం వేలానికి పెడితే జరిగేది ఇదే.

అసలు లోపం చట్టంలోనే ఉందంటే నమ్ముతారా? చిత్తడి నేలల రక్షణకు కేంద్రం 2010లో ఒకసారి, 2017లో మరోసారి నిబంధనలు తెచ్చింది. ప్రకటించిన చిత్తడి నేలలో చెత్త పోయకూడదు, శుద్ధి చేయని మురుగు వదలకూడదు, వేటాడకూడదు, గరిష్ఠ నీటిమట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడం కట్టకూడదు. చక్కగా ఉంది. కానీ 2017 నిబంధనల నిర్వచనం చూడండి. తాగునీటి కోసం మనుషులు తవ్వినవి, సాగునీటి కోసం కట్టినవి చిత్తడి నేలలే కావు పొమ్మంది. బెంగళూరు చెరువులు, కోలారు చెరువులు, అనంతపురం చెరువులు... ఇవన్నీ ఎవరు తవ్వారు? దేనికి తవ్వారు? కెంపేగౌడ కాలం నుంచి పాలెగాళ్ల దాకా అందరూ సాగు కోసమో తాగడానికో కట్టినవే కదా! దక్కన్ పీఠభూమిలో సహజంగా ఏర్పడ్డ సరస్సులు వెతికితే ఎన్ని దొరుకుతాయి? అంటే మన పిట్టలు ఉండే చోట్లలో ఎక్కువ భాగం ఆ నిబంధనల గొడుగు బయటే తడుస్తున్నాయి. కర్ణాటక 2014లో చెరువుల సంరక్షణకు సొంత చట్టం చేసుకుంది, నిజమే. అది గట్టు, ఆక్రమణల గురించి మాట్లాడినంతగా పిట్ట గురించి మాట్లాడదు. పిట్ట చట్టం చెరువు గురించి మాట్లాడదు. రెండింటి మధ్య జారిపోయేది నీళ్లే.

కోలారులో కొత్త నీళ్లు

ఇక మన ఇంటి ముంగిట్లోకి వద్దాం. కోరమంగల - చల్లఘట్ట లోయ పథకం, జనం నోట్లో కేసీ వ్యాలీ. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు జిల్లా చెరువులకు పంపాలన్నది పథకం. మొదటి విడతలో 126 చెరువులు. 2018 జూన్‌లో తొలి నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. ఆ ఏడాదే నీళ్లలో నురగ కనిపించి వ్యవహారం కోర్టుకెక్కింది. తర్వాత మళ్లీ మొదలైంది. హెబ్బాళ - నాగవార లోయ నుంచి చిక్కబళ్లాపుర వైపు రోజుకు 21 కోట్ల లీటర్లు, 65 చెరువులు అంటూ ఇంకో పథకం నడిచింది. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా చుక్క రాని ఊళ్లలో చెరువు అలుగు పారడం చూసి పెద్దవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. అదే సమయంలో మూడో దశ శుద్ధి కూడా చేయండి, లేకపోతే భూమిలోకి దిగే నీళ్లు పాడవుతాయి అని అడుగుతున్న రైతు సంఘాల మాటనూ కొట్టిపారేయలేం.

ఈ చెరువులే ఇప్పుడు మనుషులు నడిపే చిత్తడి నేలలు. తూము ఎప్పుడు తీయాలి, నీళ్లు ఎంత వదలాలి, చేపలు ఎవరు పాడుకోవాలి... అన్నీ మనుషులే నిర్ణయిస్తారు. నీళ్లు ఏడాది పొడవునా నిలబడితే వానాకాలపు చెరువుకు వచ్చే పిట్టలు వేరు, నిలవ చెరువుకు వచ్చే పిట్టలు వేరు. ఒండ్రు అంచున పురుగులు ఏరుకునే చిన్న పిట్టలకు లోతు నీళ్లు పనికిరావు. మునిగి చేపలు పట్టే నీటికాకికి లోతు నీళ్లే కావాలి. కాబట్టి తూము తిప్పే చెయ్యే ఏ పిట్ట ఉండాలో, ఏది పోవాలో నిర్ణయిస్తోంది. తుపాకీ పట్టుకోకుండానే జాబితా రాసేస్తున్నామన్నమాట. ఆ సంగతి తూము తిప్పేవాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో 2017 చివర, 2018లో గూడబాతులు చెట్ల మీంచి రాలి పడ్డాయి. పోస్టుమార్టంలో కడుపు నిండా పురుగులు కనిపించాయి. మురికి నీళ్ల చేపల నుంచి సోకాయని నిపుణులు అనుమానించారు. వాటిని ఎవరూ వేటాడలేదు. ఊరు ఊరంతా కాపాడుకుంటున్న పిట్టలవి. ఊరి ప్రేమ చాల్లేదు, చేపలు బతికిన నీళ్లు కూడా బాగుండాల్సింది.

గింజ పోయినవాడి గోడు

ఇంతసేపూ పిట్ట తరఫున మాట్లాడాం. రైతు తరఫున కూడా మాట్లాడాలి, లేకపోతే ఈ సంపాదకీయానికి విలువ ఉండదు. ఎకరం వరి పెట్టినవాడికి నీలిరంగు నీటికోళ్ల గుంపు దిగితే వచ్చే నష్టం పుస్తకాల్లో అందంగా కనిపించదు. చెరువు చేపలకు లక్షలు పెట్టి పాడుకున్నవాడు గూడబాతుల బారును చూసి మురిసిపోవాలంటే కుదరదు. వాళ్ల నష్టానికి లెక్క కట్టే పద్ధతి లేకపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రాత్రికి రాత్రి పురుగుమందు కలిపిన గింజలు గట్టు మీద పడతాయి. చచ్చిన పిట్టను ఏరుకుని వండుకున్నవాడికీ అది విషమే. కేసు పెడదామంటే సాక్షి దొరకడు. ఊరంతా ఒక్క మాట మీద ఉంటుంది... 'మాకేం తెలుసు స్వామీ!'

ఇంకొకరి గోడు అసలు ఎవరికీ వినపడదు. కర్ణాటకలో హక్కిపిక్కి, మన వైపు పిట్టలోళ్లు. హక్కి అంటేనే పిట్ట. తాతల నాటి నుంచి వల, ఉచ్చు, ఈలపాటలతో పిట్టను పిలిచి పట్టడమే వాళ్ల చదువు. 1972 నాటి చట్టం ఒక కలంపోటుతో ఆ చదువును నేరం చేసింది. తప్పదు, పిట్ట బతకాలి కదా. కానీ వాళ్లకు బదులుగా ఇచ్చిందేమిటి? దువ్వెనలు, పూసలు, తలనూనె అమ్ముకుంటూ దేశదేశాలు తిరిగారు. 2023 ఏప్రిల్‌లో సుడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు కర్ణాటక హక్కిపిక్కి కుటుంబాలు అక్కడ చిక్కుకుపోయి, ప్రభుత్వం వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. చెరువు గట్టున పిట్ట కూతను బట్టి జాతి పేరు చెప్పగల మనుషులు ఎడారి దేశంలో నూనె సీసాలు అమ్ముకోవడం ఎవరి తెలివితక్కువతనం? అటవీ శాఖ పిట్టలను లెక్కపెట్టడానికి మనుషులు చాలడం లేదంటుంది. లెక్కపెట్టడం తెలిసినవాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు.

పెద్ద వేటగాడు ఎప్పుడూ దొరకడు. దొరికేది ఇలాంటి చిన్నవాడే. హోటలు బల్ల మీదికి వచ్చిన ప్లేటును ఎవరూ ప్రశ్నించరు. ఫారాల్లో పెంచే జపాన్ జాతి పూరేడు అడవి పక్షి కాదని కేంద్రం 2013లో తేల్చాక, దాని చాటున అడవి పిట్టను అమ్మినా పోల్చుకునే కొనుగోలుదారు అరుదు. చలికాలంలో ఊరికి వెళ్లినప్పుడు 'చెరువు బాతు దొరుకుతుందా?' అని ఆరా తీసే నగర బంధువులే ఆ వలకు పెట్టుబడి. ఈ మాట కొందరికి గుచ్చుకోవచ్చు. గుచ్చుకోనివ్వండి.

దారి చూపిన ఊళ్లు

నిరాశపడాల్సిన పని మాత్రం లేదు. బాగేపల్లి దాటి సరిహద్దు అవతలికి వెళితే శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఇంటి ఆడపడుచు పురిటికి వచ్చినట్టు ఊరు చూసుకుంటుంది. పిట్ట భయపడుతుందని టపాసులు కూడా కాల్చరు. అక్కడ చట్టం బోర్డు చూసి ఎవరూ ఆగలేదు. పిట్ట రాని ఏడు వాన రాదన్న నమ్మకం ఆపింది. కొక్కరె బెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది. ఊరి యువకులు హెజ్జార్లె బళగ అని జట్టు కట్టి, గూట్లోంచి పడ్డ పిల్లలను పెంచి వదిలారు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు.

విజయనగర జిల్లా హగరిబొమ్మనహళ్లి దగ్గరి అంకసముద్ర మరీ ముఖ్యం. అది ఊరివాళ్లు సాగుకు కట్టుకున్న మామూలు చెరువు. దాన్ని పక్షుల సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. 2024 జనవరిలో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది. సాగు చెరువు చిత్తడి నేల కాదన్న నిర్వచనానికి ఇంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? బెంగళూరులోనే యలహంక పుట్టేనహళ్లి చెరువును 2015లో ఇలాగే పక్షుల రిజర్వు చేశారు.

వద్దన్న దారి కూడా మన దేశంలోనే ఉంది. అదే భరత్‌పూర్. వేట ఆగాక 1982లో పశువుల మేతనూ ఒక్కసారిగా నిషేధించారు. ఊళ్లు తిరగబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత పదేళ్లు అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలు చెప్పిందేమిటంటే, గేదెలు మేయకపోవడంతో గడ్డి పెరిగి నీళ్లను కప్పేసి, బాతులకే చోటు తగ్గిందట! ఊరిని అడగకుండా చేసిన మేలు పిట్టకు కూడా మేలు కాలేదు.

ఏం చేయాలి?

మేము అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఉన్న చట్టాల్లో వీలున్నవే.

మొదటిది, కేసీ వ్యాలీ, హెబ్బాళ - నాగవార చెరువుల్లో పిట్టలు బాగా వచ్చేవాటిని ఎంచి సంరక్షణ రిజర్వులుగా ప్రకటించాలి. వన్యప్రాణి చట్టం ప్రకారం దీనికి ముందు ఊరివాళ్లతో సంప్రదించాల్సిందే. నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయితీ ప్రతినిధి, వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖ మనుషులు ఉండాల్సిందే. అభయారణ్యం అంటే రైతు భయపడతాడు. రిజర్వు అంటే కమిటీలో అతని కుర్చీ ఉంటుంది.

రెండోది, చేపల వేలం కాగితంలోనే పిట్టల షరతు రాయాలి. చేపపిల్లలు వదిలిన మూలకు మాత్రం పైన తాడు వల కట్టుకునే వీలు, మిగతా చెరువు పిట్టలకు. నష్టాన్ని ముందే లెక్కలో పట్టి వేలం మొత్తం తగ్గించాలి. పిట్ట తినే చేప ప్రభుత్వ వాటాలోంచి పోవాలి గానీ కాంట్రాక్టరు జేబులోంచి కాదు.

మూడోది, పంట నష్టానికి దరఖాస్తు పెట్టుకునే వీలు పంచాయితీలోనే ఉండాలి. ఏనుగు తొక్కితేనే నష్టమా? పిట్ట తింటే కాదా?

నాలుగోది, గణన పని పిట్టలు పట్టే కుటుంబాల పిల్లలకు జీతమిచ్చి అప్పగించాలి. ప్రతి జనవరి లెక్కను కన్నడంలో, తెలుగులో పంచాయితీ బోర్డు మీద అంటించాలి. పోయినేడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని... చెరువు ఆరోగ్యానికి ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. నీళ్లు. మూడో దశ శుద్ధి మాట నాన్చకుండా తేల్చాలి. ప్రతి చెరువు నీటి పరీక్ష ఫలితం ఆ చెరువు గట్టునే రాసి పెట్టాలి. పిట్ట తాగే నీళ్లే మన బోర్లలోకి దిగుతున్నాయి. పిట్టకు పనికిరాని నీళ్లు మనకు పనికొస్తాయా?

చివరగా ఒక మాట. రాష్ట్రాలు విడిపోయి, భాషలు వేరై, సరిహద్దు రాళ్లు పాతుకుని ఎన్నో ఏళ్లయింది. వీరాపురంలో గూడు కట్టే కొంగ మేతకు బాగేపల్లి చెరువు మీదికి ఎగరాలనుకుంటే దానికి ఏ రాయీ అడ్డురాదు. అటు కాపాడి ఇటు వల వేస్తే అటు చేసింది కూడా వృథాయే. ఏ పిట్టను కొట్టొచ్చు అన్న ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబిచ్చేసింది. ఏ చెరువును చంపకూడదు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఇంకా రాయలేదు. అది రాయాల్సింది ఢిల్లీ కాదు, విధానసౌధ మాత్రమే కాదు. గట్టు మీద నిలబడ్డ ఊరు. ఈ చలికాలం పిట్టలు దిగేలోపు ప్రతి చెరువు కింది పంచాయితీ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు, ఆ జవాబుకు తొలి అక్షరం పడినట్టే.